సల్లగుంచేటోడు

లోపల ఏముందో నాకు తెల్వదు.
నా డ్యూటీ సలి.
రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక
నానక్‌రాంగూడ అద్దాల బిల్డింగుల నడుమ
కిటికీల్లేని బిల్డింగొకటి ఉంటది,
దాని కడుపుల ఇరవై రెండు డిగ్రీలు
ఇరవై రెండు లెక్కనే ఉండాలె. గంతే.

బీరువాల వరుసలు, నల్లగ.
వాటికి పచ్చ చుక్కలు.
మిణుగురులన్న అప్పుడప్పుడు ఆరుతయ్,
వీటికి ఆదివారం లేదు, అమాస లేదు.
జనం రాసుకున్నదీ తీసుకున్నదీ
పంపి మర్చిపోయిందీ ఈడికే వస్తదట.
నా చేతికైతే వేడి లెక్క తగుల్తది.
ఎవరిదో అలిగిన ముచ్చట, ఎవరిదో కరెంటు బిల్లు,
బ్యాంకు అప్పు కాయితం, పిల్లి దుంకిన వీడియో
అన్నిటిదీ ఒకటే వేడి.
వరుస ఎనక నిలబడి అరచెయ్యి పెడితే
అప్పుడే దించిన అన్నం గిన్నె మీది ఆవిరి.
దాన్ని నీళ్లకెక్కించి, పైపులల్ల తోలి,
మిద్దె మీద ఆకాశానికి ఇడుస్తం.
పూస మాసంల ఆ పంకల కాడ పావురాలు చేరి
దునియా ముచ్చట్లకు రెక్కలు చాపి
సలి కాసుకుంటయ్.

షాహీన్ మేడంను ఒకపారి అడిగిన,
మొత్తం కలిపితె గిదంత ఎంతుంటదని.
"జెట్టాబైట్లల్ల చెప్పాలె బుగ్గన్నా.
ఒకటి పక్కన ఇరవై ఒక్క సున్నాలు.
అది ఒక్కటే జెట్టా. గసొంటివి మస్తు."
సున్నాలు లాడ్ బజార్ గాజులైతే
ఇరవై ఒకటి మోచేతి కాడికి వస్తయ్, గంతవరకు సమజైంది.
మా నాయిన కొలతలు
సోల, తవ్వ, మానెడు, కుంచెడు,
పుట్టి కాడ ఆగిపోతయ్.
పుట్టి దాటిన పంట మా ఇంట్ల ఎన్నడు పండలే,
ఆ మీది మాట మాకు అక్కరకు రాలే.

ఈ పునాది తవ్వినప్పుడు గూడ నేనున్న, కూలికి.
ఏనుగంత గుండు, దాని నెత్తి మీద ఇంకో గుండు,
పడుత పడుత అనుకుంట ఎన్నడు పడలే.
ఎన్ని కోట్ల ఏండ్లదో.
దాని మీద సున్నంతోని రాసింది ఒక్కటే మాట:
ఈడ మూత్రం పోయరాదు.
మందు పెట్టి పేల్చిండ్రు.
దాని ఫోటో ఒక్కటన్న
లోపల ఏ బీరువాలన్న ఉన్నదో లేదో.

మొన్న ఐతారం, బోరబండల,
మా బాలమణి ఫోన్ పట్టుకొని కూసున్నది.
జాగ నిండిందట. ఏదన్న తీసేస్తెనే
కొత్త ఫోటో దిగుతదట.
"గంత పెద్ద గోదాంల పనిజేస్తవ్,
నా ఫోనుకు ఇంత జాగ అడగరాదా?"
నేను నవ్విన. ఆమె నవ్వలే.

గుడ్ మార్నింగ్ గులాబీలు రెండొందలు తీసేసినం.
కుక్కర్ గ్యారంటీ కార్డు. తలకిందులైన మా ఆధార్లు.
ఆమె బొటనేలు, నాలుగు ఫోటోలు.
ఆఖరుకు ఒక వీడియో, తొమ్మిది నిమిషాలు, అంత నలుపే.
జేబుల ఫోను దానంతట అదే తీసింది.
రేకుల మీద వాన.
గంటె సప్పుడు.
ఉప్పెంత అని నా గొంతు.
చానసేపు వాన.
నీ ఇష్టం అని ఆమె గొంతు.
ఏ ఏడాదిదో, ఏ కూరనో,
ఆనాడు మాట్లాడుకుంటున్నమో, కొట్లాటల ఉన్నమో
ఇద్దరికీ యాదికి లేదు.
"అన్నిట్ల ఇదే బరువున్నది," అన్నది
కింద నంబరు చూసి.
వేలు పెట్టింది. నేను ఆపలే.

ఆ రాత్రి మూడో వరుస ఎనక
అరచెయ్యి జరంతసేపు ఎక్కువ పెట్టిన.
ఇరవై రెండు పాయింట్ ఒకటి.
రిజిస్టర్ల రాసిన, పెన్నుతోని,
పక్కకు టైం ఏసి.